బొమ్మకు పాట కట్టుట



గత మాసమున నీ శీర్షికక్రింద, వీణగాని వయొలిన్‌గాని యింటిలోనే మైకు పెట్టి కంప్యూటరులో రికార్డు చేసికొను విధమును గూర్చి వ్రాసితిమి. దానిని చదివిన సోదరి యొకరు మాకిట్లు జాబు వ్రాసిరి: "మా మఱదిగారి కుమారుడు పదునైదు నిమిషముల చిన్న చిత్రమును తీసినాడు. 'పెద్దమ్మా, దీనికి నీవే సంగీతము కూర్పవలె'నని పట్టుబట్టుచున్నాడు. నాకు పదేండ్ల వీణసాధకము కలదు గాని, కదలెడి బొమ్మను చూచుచు దానివెంట పాట నడపుట యెట్లో తెలియదు. ఇది యింటిపట్టున నుండువారికి సాధ్యమగు పనియేనా?"

సాధ్యమే యని మా సమాధానము. సాధ్యమని యూరక చెప్పుట కాదు. మేమే యొకసారి యీ పనిని తలకెత్తుకొని, రెండు మూడు తప్పులు చేసి, వానిని దిద్దుకొని నేర్చితిమి. ఆ తప్పులలో నొకదానిని తలచుకొన్నప్పుడు మాకు నేటికిని మనసు చివుక్కుమనును. దానిని దాచక చెప్పినచో మీకు మేలు కలుగునని తలంచి యీ మాసమున నీ విషయమునే యెత్తుకొనుచున్నాము.

చిత్రములకు సంగీతము కూర్చుట పురుషుల వృత్తియని యనుకొనువారు పలువురు కలరు. 1936 నాటి 'అచ్ఛూత్ కన్య'కు బొంబాయి టాకీసునందు సంగీతము కూర్చినది సరస్వతీదేవిగారు. మన తెలుగునాట భానుమతీ రామకృష్ణగారు 1954 లో వెలువడిన 'చక్రపాణి'కిని, పి. లీలగారు సావిత్రిగారి దర్శకత్వమున 1968 లో వచ్చిన 'చిన్నారి పాపలు'నకును స్వరములు కూర్చిరి. ఆంగ్లవనిత రేచల్ పోర్ట్‌మన్‌గారికి 1996 నాటి 'ఎమ్మా' చిత్రసంగీతమునకు ఆస్కారు బహుమానము లభించినది. కాబట్టి దారి కొత్తదని వెఱవ నక్కఱలేదు.

పూర్వము బొమ్మకును పాటకును పొత్తు కుదుర్చుట మిక్కిలి కష్టముగా నుండెడిది. 1928 లో వాల్ట్ డిస్నీగారు 'స్టీమ్‌బోట్ విల్లీ' యను బొమ్మల చిత్రమునకు వాద్యగోష్ఠిని రికార్డు చేయించినప్పుడు మొదటిసారి తాళము కుదరలేదట. పిమ్మట ఫిల్ముమీదనే యెగిరిపడు బంతి యొకదానిని అచ్చువేయించి, దానిని చూచుచు తాళము వేయించిరి. ఇప్పుడా బంతి పనిని సాఫ్టువేరు చేయుచున్నది. రీపర్, ఆర్డర్, క్యూబేస్, లాజిక్ ప్రో, ప్రో టూల్స్ మొదలగువానిలో దేనినందైనను వీడియోను తెచ్చి పెట్టుకొనవచ్చును. ఒక చిన్న కిటికీలో బొమ్మ కదలుచుండును. దాని క్రింద మన వీణ, తంబుర, మృదంగము వరుసలు వరుసలుగా నుండును. బొమ్మను ఎచ్చట నిలిపిన పాటయు నచ్చటనే నిలుచును. యంత్రము చేయునది యింతే. తక్కినదంతయు మన జాగ్రత్తయే.

మొదటి జాగ్రత్త: బొమ్మ కత్తిరింపు పూర్తియైనదని తీసినవారు మాట యిచ్చువఱకు వీణ ముట్టరాదు. ఇచ్చట మా కథ మొదలగును. మా మేనకోడలు, మా తల్లిగారు ఆవకాయ పెట్టుచుండగా నొక వేసవిలో ఫోనుతో చిత్రమును తీసినది. అంతకు ముందటి యేడే మా తండ్రిగారు గతించిరి. చిత్రము తీసిన యేడు మార్గశిరమున మా తల్లిగారును కాలము చేసిరి. సంవత్సరీకమునకు బంధువు లందఱును కూడుదురు గనుక, పండ్రెండు నిమిషములుగా దానిని కూర్చి చూపవలెనని పిల్ల సంకల్పము. సంగీతభారము మాపై పెట్టినది. మేము తొందరపడి రెండు వారములు కూర్చుండి యంతయు వాయించి ముగించితిమి. అంతలో నామె, "అత్తయ్యా, మూడవ నిమిషములో మామిడికాయలు తరుగుట నాలుగు సెకనులు తగ్గించినాను" అని చల్లగా చెప్పినది. మామిడికాయ పోయిన దొక్కచోటనే. కాని యచ్చటినుండి చివరివఱకు మా వీణ యంతయు నాలుగు సెకనులు వెనుకబడినది. లగ్గము మాఱినపిదప శుభలేఖలు పంచినట్లయినది మా పని.

రెండవ జాగ్రత్త: బొమ్మకు పనిప్రతి యొకటి వేఱుగా చేయించుకొనుడు. ఫోనులు తీయు వీడియోలలో ప్రతి బొమ్మయు నిండుబొమ్మ కాదు. చోటు కలిసివచ్చుటకై, అప్పుడప్పుడు నొక నిండుబొమ్మను వ్రాసి, నడుమ నుండువానిలో మాఱినంత మట్టుకే వ్రాయుదురు. మనము పాలలెక్కను "నేడు పావు ఎక్కువ", "నేడు అరసేరు తక్కువ" అని మాత్రమే గోడపై గీచినచో, ఇరువదవ నాటి లెక్క తెలియుటకు మొదటినుండి కూడుకొని రావలెను గదా! కంప్యూటరు పాటును నట్టిదే. మనము ముందుకు వెనుకకు జరుపుచుండగా అది తడబడి బొమ్మను ఆలస్యముగా చూపును. ఆ బొమ్మను నమ్మి వాయించిన మన స్వరము తప్పుచోట పడును. ప్రతి బొమ్మయు నిండుగా నుండునట్లు ప్రోరెస్ ప్రాక్సీగాని, మోషన్ జేపెగ్‌గాని చేయించుకొన్నచో చిన్న కంప్యూటరుమీదను తడబాటుండదు. పరిమాణము తగ్గించినను దోషము లేదు; మనకు వలసినది అందము కాదు, సమయము. మఱియు ఫోను తీసిన వీడియోలో సెకనున కెన్ని బొమ్మలన్న లెక్క నిలుకడగా నుండదు. వెలుతురునుబట్టి హెచ్చుతగ్గు లగుచుండును. పనిప్రతి చేయునపుడే యీ లెక్కను స్థిరము చేయింపవలెను. ఈ పనిని చిత్రము కూర్చువారు, కత్తిరింపునకు ముందే చేసికొనుట మేలు.

మూడవది బొమ్మల లెక్క. సినిమాకు సెకనునకు 24 బొమ్మలు. మనదేశపు దూరదర్శన పద్ధతిలో 25. అమెరికా టెలివిజనునకు 30 అని పేరేగాని, రంగుల ప్రసారము వచ్చిననాటినుండి నిజమునకు 29.97. ఈ చిన్న భేదము చేయు నుపద్రవమును మేము చవిచూచితిమి. మా మేనకోడలు ఏ యే చోట సంగీతము ప్రారంభింపవలెనో గంట, నిమిషము, సెకను, బొమ్మ అను నాలుగంకెలతో పట్టిక వ్రాసి పంపినది. ఆమె సాఫ్టువేరు 29.97 లెక్కతో నుండెను. మాది 30 లెక్కతో నుండెను. మేము పట్టికనుబట్టి స్వరములను పెట్టి, మొదటి నిమిషము చూచి, సరిగానే యున్నదని పొంగిపోయితిమి. పదునొకండవ నిమిషమునకు వచ్చుసరికి ప్రతి స్వరమును సెకనులో మూడింట రెండుపాళ్లు ముందుగా పడుచుండెను. మా తల్లిగారు జాడీపై చేయి వేయకమునుపే వీణ పలికెను!

ఈ చిక్కును తప్పించుటకే 'డ్రాప్ ఫ్రేము' అను నొక లెక్కను కల్పించిరి. మన పంచాంగములో క్షయతిథి వచ్చును గదా! విదియ తరువాత నొకప్పుడు చవితియే కనబడును. ఆ దినమున తదియ యను పేరు పోయినది గాని, సూర్యుడు ఉదయించుట మానలేదు. అట్లే ఈ లెక్కలో నిమిషమునకు రెండేసి అంకెలను విడిచి, పదేసి నిమిషముల కొకసారి విడువక, గంటకు 108 అంకెలను దాటవేయుదురు. పోవునవి అంకెలే, బొమ్మ యొక్కటియు పోదు. కనుక పని మొదలిడకముందే, "మీ లెక్క యెంత? డ్రాప్ కలదా, లేదా?" అని యడిగి, మీ సాఫ్టువేరులోను అదే పెట్టుడు. మఱియు చిత్రారంభమునకు సరిగా రెండు సెకనుల ముందు ఒక్క బొమ్మంతసేపు 'కీ' మను నాదమును పెట్టుమని కోరుడు. ఆ నాదమును, దానితో కనబడు గుర్తును కలిసియున్నచో ఆరంభము సరియైనది. చివరను నట్లే యొకటి పెట్టించుకొన్నచో నడుమ జాఱుడు కలదో లేదో తేలిపోవును.

ఇటువంటిదే మఱియొక లెక్క నాదమునకును కలదు. పాటల పళ్లెములకు సెకనునకు 44,100 మచ్చులు, వీడియోలకు 48,000. వీడియో లెక్కతో రికార్డు చేసినదానిని పొరపాటున పళ్లెము లెక్కతో పాడించినచో, వీణ ఒకటిన్నర మెట్టు క్రిందికి దిగి, పది నిమిషముల పాట పదునొకండు నిమిషములకు సమీపించును. మొదటినుండియు 48,000 పెట్టుకొన్నచో నీ బాధ లేదు.

ఇక తాళము. మన సోదరీమణులకు సంతోషము కలిగించు భాగ మిదియే. చిత్రములో నొక చోటునుండి మఱియొక చోటునకు ఎన్ని సెకనులో కొలుచుకొనుడు. వానిమధ్య ఎన్ని తాళములు పడవలెనో నిశ్చయించుకొనుడు. తాళముల సంఖ్యను 60 చే హెచ్చించి సెకనులచే భాగించినచో నిమిషమునకు కావలసిన నడక వచ్చును. మా చిత్రములో అటకగది తలుపు తెఱచుటనుండి మా తల్లిగారు జాడీని ముట్టువఱకు 13 సెకనులు. ఆదితాళము రెండావర్తములు వాయింపదలచితిమి, అనగా 16. పదాఱును 60 చే హెచ్చించిన 960. దానిని 13 చే భాగించిన కొంచె మించుమించుగా 73.85. మేము మామూలుగా వాయించు నడక 72. ఈ భేదము వినువారి చెవికి తెలియనే తెలియదు. కాని జాడీపై చేయి పడునప్పటికి సమము సరిగా వచ్చి కూర్చుండును. సాఫ్టువేరులో 73.85 అని దశాంశములతో వ్రాసిన నది యట్లే తాళము వేయును. ప్రతి చిన్న కదలికకును స్వరము తగిలింపవలెనని మాత్రము యత్నింపకుడు. అట్లు చేసినచో పిల్లుల యెలుకల బొమ్మలాట యగును. పండ్రెండు నిమిషములలో నాలుగైదు చోట్ల సమము కలిసిన చాలును.

స్వరము కొంచెము తప్పక తప్పదన్నచో ముందు పడుటకంటె వెనుక పడుటయే మేలు. చెఱువు ఆవలిగట్టున చాకిరేవును చూచియుందురు. గుడ్డ బండపై పడుట మొదట కనబడును. చప్పుడు పిదప వినబడును. నాదము పదవవంతు సెకనులో 34 మీటర్లు మాత్రమే నడచును. కనుక ఆలస్యముగా వచ్చు చప్పుడునకు మన చెవి పుట్టుకనుండి యలవాటు పడినది. బొమ్మకంటె ముందు వచ్చు చప్పుడును మాత్రము అది సహింపదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమువారి ప్రమాణములో, శబ్దము సెకనులో వేయింట 45 పాళ్లు ముందైనచో తెలిసిపోవుననియు, వెనుకైనచో 125 పాళ్లవఱకు తెలియదనియు చెప్పియున్నారు. ఇరువదియైదు బొమ్మల లెక్కలో ఒక్కొక్క బొమ్మకు 40 పాళ్లు. అనగా ఒక్క బొమ్మ ముందుండుటయే యపాయపు టంచు.

ఈ లెక్కల నన్నిటిని దిద్దుకొని, స్వరములన్నియు సరియైన చోట పడినవని తృప్తిపడి, మా మేనకోడలికి చూపితిమి. ఆమె చివరివఱకు ఊరకుండి, "బాగున్నది అత్తయ్యా, కాని నాయనమ్మ మాట వినబడుట లేదు" అన్నది.

ఏ మాట యని యడిగితిమి. జాడీకి వాసెన కట్టుచున్నచోట అని చెప్పినది. మేము తాళమునకు భంగము కలుగకుండవలెనని, మాటల వరుసను మూసివేసి, బొమ్మను మాత్రమే చూచుచు వాయించుచుంటిమి. అచ్చట బొమ్మ మిక్కిలి చక్కగా నున్నందున, మా వీణను తారస్థాయికి తీసికొనిపోయి, గమకములతో నింపితిమి. సంగీతమును మూసి మాటలు మాత్రము విప్పి వింటిమి. మా తల్లిగారు గుడ్డముడి బిగించుచు, తనలో తాననుకొన్నట్లు, "ఈయేడు చిన్న జాడీ చాలునే" అనిరి.

ఆమె యంతకుమించి యేమియు చెప్పలేదు. నలువదియేండ్లు పెద్దజాడీ నిండ పెట్టిన చేయి అది. మా తండ్రిగారి కావకాయ లేనిదే ముద్ద దిగెడిది కాదు. ఆయన పోయినపిదప ఆమె నోట ఆ దుఃఖమును గూర్చి మేము విన్న మాట యదియొక్కటియే. దానిమీద మేము వీణ వాయించితిమి.

ఆ రాత్రి మాకు 1955 నాటి 'పథేర్ పాంచాలి' జ్ఞప్తికి వచ్చినది. కూతురు చనిపోయిన సంగతి తెలియక తండ్రి యిల్లుచేరి, ఆమెకై తెచ్చిన చీరను చూపగా, తల్లి సర్వజయ గుండె పగిలి యేడ్చును. ఆ యేడుపు మనకు వినబడదు. దానికి బదులు తారషహనాయి వినబడును. సత్యజిత్ రాయ్‌గారును, రవిశంకర్‌గారును అచ్చట కంఠమును తీసి వాద్యమును పెట్టిరి. ఏడుపునకు మాటలు లేవు గనుక వాద్య మా పని చేయగలిగినది. మా తల్లిగారిది మాట. మాట యున్నచోట వాద్యము తప్పుకొనవలెను. ఈ రెంటి భేదమును తెలిసికొనుటయే యీ విద్యలో సగము.

మేము చేసిన మార్పు నిది. వాసెనగుడ్డ చేతికి తీసికొనగనే, మాటకు నాలుగు తాళముల ముందే వీణను మందరస్థాయిలో నొక షడ్జముపై నిలిపి, మెల్లగా సన్నగిలజేసితిమి. తంబురను మఱి రెండు తాళము లుంచి, అదియు నాపితిమి. అచ్చట గుడ్డ బిగియు చప్పుడును, పెరటిలో కాకి కూతయు, ఆ మాటయు మాత్రమే యుండును. మాట ముగిసినపిదప అయిదు సెకనులు ఊరకుండి, ఒక్క మీటు. చిత్రములో తక్కిన మాటలున్నచోట్ల నెల్ల వీణను మంద్రమునకు దింపి, ధ్వనిని తగ్గించితిమి. మాటల స్పష్టత చాలవఱకు సెకనునకు వేయి మొదలు నాలుగువేల కంపనములవఱకు నుండు భాగమున కలదు. అచ్చట వాద్యమును కొంత పలుచన చేయు సాధనము ప్రతి సాఫ్టువేరులోను కలదు. దానిని వాడినచో సంగీతము నిలిచియు మాటకు దారి యిచ్చును. ఇట్లు దిద్దినదానిని మంచి స్పీకర్లపై మాత్రమే గాక, ఫోనులోను, టెలివిజనులోను వినిచూడుడు. మన బంధువులు వినునది వానిలోనే గదా!

సంవత్సరీకమునాడు చావడిలో నందఱును కూర్చుండి చిత్రమును చూచిరి. ఆ చోటు వచ్చినప్పుడు మా అన్నగారు, "అది మఱల నొకసారి వేయుడు" అనిరి. వేసితిమి. సంగీతమెట్లున్నదని మమ్మెవరును అడుగలేదు. మేమును చెప్పింపగోరలేదు.

జాబు వ్రాసిన సోదరికి కడపటి మాటలు రెండు. పని ముగిసినపిదప వీణను, తంబురను, తాళవాద్యమును వేర్వేఱు దస్త్రములుగా, అన్నియు చిత్రారంభమునుండియే మొదలగునట్లు, 48,000 లెక్కతో ఇచ్చివేయుడు. అప్పుడు కూర్చువారు దేనినైనను హెచ్చింపను తగ్గింపను వీలగును. సినిమాపాటల వరుసలను వాడకుడు. వానిపై హక్కులు ఇతరులవి. రాగములు మాత్రము ఎవరి సొత్తును కావు, అవి మనవే. చిత్రమును బయట ప్రదర్శించి ధనము గడించు నుద్దేశము వారికున్నచో, మీ పేరు వేయుటను, ప్రతిఫలమును ముందే కాగితముపై వ్రాయించుకొనుడు. అయినవారి యెడనైనను ఇందు సిగ్గు పడ నక్కఱలేదు. ఇది వంటయింటి సాయము కాదు, విద్య.

అన్నిటికంటె ముందుగా, మీ మఱదిగారి కుమారుని చిత్రమును వీణ దగ్గఱ పెట్టుకొనక, మాటలతో సహా మూడుమార్లు మొదటినుండి చివరకు చూడుడు. ఎచ్చటెచ్చట సంగీతము వలదో, ముందుగా నా పట్టికను వ్రాసికొనుడు. మేము ఆ పట్టికను కడపట వ్రాసితిమి.

వచ్చు మాసమున తంబుర శ్రుతిని కంప్యూటరు శ్రుతితో కలుపుటలో వచ్చు చిక్కులను గూర్చి వ్రాయుదుము. ఈ విషయమున సందేహములున్నవారు నిస్సంకోచముగా వ్రాయగలరు.